క్యారమ్స్ గదిలో పొగ



ప్రత్యేక సంచికకు ఉద్యోగుల ఆటపాటల చరిత్ర మీద ఒక వ్యాసం వ్రాసి పంపమని మన కార్యదర్శిగారు కోరారు. గెలిచిన కప్పుల గురించి, టోర్నమెంట్ల గురించి, గ్రూపు ఫొటోల గురించి నాకంటె బాగా వ్రాయగలవారు మన సంఘంలో చాలామంది ఉన్నారు. నేను మాత్రం ఆ ఫొటోలలో కనిపించని ఒకదాని గురించి వ్రాయదలిచాను. అది మన క్లబ్బు గదిలో ముప్పై ఏళ్ళకు పైగా రోజూ సాయంత్రం మన మధ్యనే ఉన్నది. దానివల్ల కొందరు ఆట మానుకున్నారు. కొందరు అసలు గడపే తొక్కలేదు. ఎవరూ దానిని గురించి మినిట్స్ బుక్కులో ఒకే ఒకసారి తప్ప వ్రాయలేదు. అది సిగరెట్ పొగ. ఆ ఒక్కసారి వ్రాసినది నేనే కనుక, ఈ చరిత్ర చెప్పే బాధ్యత కూడా నాదేనని అనుకుంటున్నాను.

పత్తికి ఒక న్యాయం

నేను ఎనుమాములలో ఇల్లు కట్టుకొని ఇప్పటికి ముప్పై ఏళ్ళు కావస్తున్నది. మా మార్కెట్ యార్డు సంగతి మీకందరికీ తెలిసినదే. ఆసియాలోనే పెద్ద మార్కెట్లలో ఒకటి అని మనవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. దసరా దాటిందంటే పత్తి బండ్లు, లారీలు బారులు తీరుతాయి. సంక్రాంతి తరువాత మిర్చి వస్తుంది. ఆ ఘాటు మా వంటింటి దాకా వచ్చి కొత్తగా వచ్చిన చుట్టాలను తుమ్మిస్తుంది.

పత్తి రోజులలో యార్డులోకి వెళ్ళి చూడండి. పొద్దున నుంచి బస్తాలు మోసిన హమాలీకి బీడీ త్రాగాలని ఉంటుంది. కాని పత్తి కుప్పల మధ్య అగ్గిపుల్ల గీయడు. గీసినా పక్కవాడు ఊరుకోడు. "ఏయ్, ఆవలికి పో" అని కసురుతాడు. పెద్ద రైతు అయినా, చిన్న రైతు అయినా, వ్యాపారి అయినా అందరికీ అదే మాట. ఇందులో మర్యాద, మొగమాటం ఏమీ లేవు. ఒక్క నిప్పురవ్వ పడితే ఒక రైతు ఏడాది కష్టం బూడిద అవుతుందని అందరికీ తెలుసు.

సినిమాహాళ్ళ సంగతి కూడా ఇటువంటిదే. పాతకాలపు సినిమా రీలు నైట్రేట్ ఫిల్ముతో తయారయ్యేది. అది గడ్డివాము కంటె వేగంగా అంటుకునేది. అందువల్ల ప్రొజెక్టర్ గదిలో నిప్పు విషయంలో మొదటినుంచీ కట్టుదిట్టం ఉండేది. మనదేశంలో 1918 సినిమాటోగ్రాఫ్ చట్టం సినిమా ప్రదర్శనకు లైసెన్సు తప్పనిసరి చేసింది. ప్రేక్షకుల భద్రత దాని ఉద్దేశాలలో ఒకటి. తరువాతి కాలంలో ఆట మొదలయ్యేముందు తెర మీద "పొగ త్రాగరాదు" అని స్లైడు వేసేవారు. ఆ స్లైడు మీదుగానే నేల టిక్కెట్టు నుంచి బీడీ పొగ, కుర్చీ టిక్కెట్టు నుంచి సిగరెట్ పొగ ప్రొజెక్టర్ వెలుగులో సుడులు తిరుగుతూ పోవటం నా కళ్ళతో చూశాను. మీరూ చూసే ఉంటారు.

నేను చెప్పదలచినది ఏమంటే, పొగ త్రాగేవాడిని మన సమాజం మొదటినుంచీ ఆపగలిగింది. కాని పత్తి కోసం ఆపింది, రీలు కోసం ఆపింది. ప్రక్కన కూర్చున్న మనిషి ఊపిరి కోసం ఆపటానికి మాత్రం చాలాకాలం పట్టింది.

మన దాకా ఎట్లా వచ్చింది

పొగాకు మన దేశపు మొక్క కాదు. అమెరికా ఖండం నుంచి పోర్చుగీసు వర్తకుల ద్వారా దక్కనుకు వచ్చింది. అక్బరు పాలన చివరి రోజులలో, 1604 ప్రాంతంలో, అసద్ బేగ్ అనే ఉద్యోగి బీజాపూరు నుంచి పొగాకును, హుక్కాను తీసుకొనివెళ్ళి చక్రవర్తికి చూపించాడని చరిత్రలో ఉన్నది. అక్బరు కొడుకు జహంగీరు 1617లో పొగ త్రాగటాన్ని నిషేధించాడు. నిషేధం నిలువలేదు, పొగాకు నిలిచింది.

తెలుగు గడ్డ మీద దానికి వేళ్ళు బాగా దిగాయి. గుంటూరు ప్రాంతం వర్జీనియా పొగాకుకు పేరు పడింది. పొగాకు బోర్డు 1976లో గుంటూరులోనే ఏర్పడింది. గురజాడవారి గిరీశం చేతిలో చుట్ట లేకుండా మనం ఊహించుకోలేము. మన తెలంగాణ సంగతికి వస్తే, హైదరాబాదు ఆజామాబాదులో 1930లో మొదలైన వజీర్ సుల్తాన్ కంపెనీ చార్మినార్ సిగరెట్టును ఇంటింటికి తెచ్చింది. మన ములుగు, ఏటూరునాగారం అడవుల తునికాకు బీడీ అయింది. నిజామాబాదు, కరీంనగర్ జిల్లాలలో వేలాది ఆడవాళ్ళు బీడీలు చుట్టి పిల్లలను సాకారు. వారి కష్టాన్ని తక్కువ చేసి మాట్లాడే హక్కు నాకు లేదు. ఆ పొగ ఎవరి గదిలో ఎవరి మీద పడింది అన్నదే నా ప్రశ్న.

మా క్లబ్బు

నేను 1973లో ఎల్.డి.సి.గా ఉద్యోగంలో చేరి, 1976లో బదిలీ మీద వరంగల్ వచ్చాను. ఆఫీసు ఆవరణలోనే, వెనుక ప్రక్కన, ఉద్యోగుల రిక్రియేషన్ క్లబ్బు ఉండేది. పెంకుటిల్లు, రెండు గదులు. ఒకదాంట్లో రమ్మీ బల్లలు, రెండోదాంట్లో క్యారమ్స్ బోర్డు, చదరంగం. నెలకు రెండు రూపాయలు చందా, జీతంలోనే కోత.

క్యారమ్స్ గది మహా అయితే పది అడుగులు, పన్నెండు అడుగులు. బోర్డుకు సరిగ్గా మధ్యన, రెండడుగుల ఎత్తున, వైరుకు వేలాడే బల్బు, దానికి రేకు గొడుగు. ఫ్యాను వేస్తే బల్బు ఊగుతుంది, బల్బు ఊగితే కాయిన్ల నీడ కదులుతుంది. అందుకని ఫ్యాను బంద్. ప్రక్కగదిలో ఫ్యాను వేస్తే పేకముక్కలు ఎగురుతాయి, అక్కడా బంద్. కిటికీలు తెరిస్తే ఆఫీసు గేటుకు కనిపిస్తాము, "అయిదు కొట్టకముందే ఆటలా" అనే మాట వస్తుంది. అందుకని అవీ బంద్. ఇక ఆరుగంటలకు ఆ గది ఎట్లా ఉండేదో చెప్పనక్కరలేదు. రేకు గొడుగు క్రింద వెలుగులో పొగ పొర పొరలుగా నిలిచేది. స్ట్రయికర్ కొట్టినప్పుడు పౌడరు, పొగ కలిసి లేచేవి.

ఆటకూ సిగరెట్టుకూ ఎందుకో స్నేహం ఎక్కువ. ఎదుటివాడు కొట్టేవరకు చేతికి పని ఉండదు. పేక కలిపేవరకు పని ఉండదు. ఆ ఖాళీలో చెయ్యి జేబులోకి పోతుంది. గెలిస్తే ఒకటి, ఓడితే ఒకటి. నేను కూడా వారిలో ఒకడినే. రోజుకు ఒక చార్మినార్ పెట్టె, క్లబ్బు రోజున మరి నాలుగు. త్రాగేవారిని అడిగితే ఏమనేవారో నాకు బాగా తెలుసు, నేనూ అదే అనేవాడిని. "పగలంతా ఫైళ్ళతో తల పగిలింది, ఈ రెండు గంటలైనా స్వేచ్ఛగా కూర్చోనివ్వరా?" ఇందులో అబద్ధం ఏమీ లేదు. ఆ రెండు గంటలే మాకు ఉన్న సుఖం.

డెడ్ స్టాక్ రిజిస్టరు నా దగ్గరే ఉండేది. అందులో క్లబ్బు పేజీ నాకు ఇప్పటికీ కంఠస్థమే: క్యారమ్స్ బోర్డు ఒకటి, మడత కుర్చీలు పన్నెండు, బల్లలు మూడు, ఇత్తడి యాష్‌ట్రేలు ఆరు. కుర్చీ ఎట్లాగో యాష్‌ట్రే అట్లాగే క్లబ్బు సామానన్నమాట. సంవత్సరానికి ఒకసారి లెక్క చూసి "సరిపోయినది" అని సంతకం చేసేవాడిని.

రమ్మీ గురించి ఒకమాట. సికింద్రాబాదులోని ఒక రిక్రియేషన్ క్లబ్బు కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్ళగా, రమ్మీ ప్రధానంగా నైపుణ్యంతో కూడిన ఆటేనని 1967లో తీర్పు వచ్చింది. మా క్లబ్బులో రమ్మీ ఆడే పెద్దలు ఆ తీర్పును భగవద్గీత మాదిరి ఉదహరించేవారు. క్లబ్బులో డబ్బు నష్టం గురించి అంత చర్చ జరిగిన ఆ రోజులలో, ఊపిరి నష్టం గురించి మా గదిలో ఒక్కమాట కూడా రాలేదు.

నా జోడీ

డబుల్స్‌లో నాకు ఒక జోడీ ఉండేవాడు. పరకాల వైపు నుంచి వచ్చిన టైపిస్టు, నాకంటె మూడేళ్ళు చిన్న. నన్ను "అన్నా" అనేవాడు, నేను "తమ్మీ" అనేవాడిని. టైపు మిషను మీద ఆడిన వేళ్ళు కావటంచేత కాబోలు, అతని దెబ్బ చాలా సున్నితం. బోర్డు అంచుకు ఆనుకొని ఉన్న కాయిన్‌ను కూడా తేలికగా పాకెట్టులోకి జార్చేవాడు. రెడ్డు వేసి ఫాలో వేయటంలో మా జిల్లాలో అతనికి సాటి లేరనేవారు. పొగ త్రాగడు. చిన్నప్పటినుంచి కొంచెం ఉబ్బసం ఉన్నదని అందరికీ తెలుసు. తెలిసీ ఎవరమూ దాని గురించి ఆలోచించలేదు.

1984లో ఉద్యోగుల ఆటల పోటీలలో మేమిద్దరం ఫైనలుకు వచ్చాము. గది నిండా జనం. మా పెద్దసారు కూడా వచ్చి కుర్చీ వేసుకొని కూర్చున్నారు. సారు చేతిలో సిగరెట్టు, నా చేతిలో సిగరెట్టు, చుట్టూ నిలబడ్డవారిలో సగంమంది చేతిలో సిగరెట్టు. చివరి బోర్డులో మా తమ్ముడు రెండుసార్లు స్ట్రయికర్ పెట్టి, దగ్గు వచ్చి, తీసి, మళ్ళీ పెట్టాడు. మూడోసారి కొట్టేటప్పుడే దగ్గు వచ్చింది. స్ట్రయికర్ పాకెట్టులో పడింది. ఓడిపోయాము.

ఆ తరువాత అతను క్లబ్బుకు రావటం మానేశాడు. అడిగితే "ఇంటికాడ పనున్నది అన్నా" అనేవాడు. ఓడిపోయినందుకు చిన్నబుచ్చుకున్నాడని నేను అనుకున్నాను. నలుగురితో అన్నాను కూడా. ఏడేళ్ళు అదే అనుకున్నాను.

రైలులో దొరికిన జవాబు

ఇక్కడ రైల్వే చట్టం గురించి చెప్పాలి. ఇది చాలామందికి తెలియని సంగతి. 1890 నాటి రైల్వే చట్టంలోనే, 110వ సెక్షనులో, పొగ త్రాగేవారికోసం కేటాయించిన పెట్టెలో తప్ప వేరే పెట్టెలో తోటి ప్రయాణికుల సమ్మతి లేకుండా పొగ త్రాగితే ఇరవై రూపాయల వరకు జరిమానా అని ఉన్నది. అంటే త్రాగేవాడే ముందుగా అడగాలి. 1989లో వచ్చిన కొత్త రైల్వే చట్టంలో 167వ సెక్షను ఇంకొక విధంగా ఉన్నది. పెట్టెలో మరొక ప్రయాణికుడు అభ్యంతరం చెప్పితే త్రాగరాదు, త్రాగితే వంద రూపాయల వరకు జరిమానా. ఏదైనా రైలులో పూర్తిగా నిషేధించే అధికారం కూడా రైల్వేవారికి ఇచ్చారు. జరిమానా పెరిగింది. కాని మాట్లాడవలసిన బరువు ఒక భుజం మీదినుంచి ఇంకొక భుజం మీదికి మారింది. మొదటి చట్టంలో త్రాగేవాడు అడగాలి. రెండో చట్టంలో పీల్చేవాడు నోరు తెరవాలి.

1991లో ఆఫీసు పని మీద నేను, మా తమ్ముడు కాజీపేటలో రైలెక్కి సికింద్రాబాదు వెళ్తున్నాము. జనగామ దాటిన తరువాత నేను పెట్టె తీసి సిగరెట్టు ముట్టించాను. ఎదురుగా ఒక ముసలామె, ఒళ్ళో మనవడు. "అయ్యా, పిలగానికి దగ్గున్నది. గది ఆర్పుండ్రి" అన్నది. నేను వెంటనే కిటికీలోనుంచి పారవేశాను. ఆమెతో "తప్పయింది అవ్వా" అన్నాను కూడా.

మా తమ్ముడు నవ్వాడు. ఎందుకు నవ్వుతున్నావని అడిగితే కొంతసేపు చెప్పలేదు. తరువాత అన్నాడు.

"ఆమె చెప్తే ఒక్క మాటకే ఇన్నవు అన్నా."

"నువ్వు చెప్పినా విందును కదా తమ్మీ."

"ఎట్ల చెప్త? ఆమెకు నీతోని పనిలేదు, గందుకే చెప్పింది. నాకు తెల్లారితే నీతోనే పని. ఇగ సారు ముంగట ఏమంట? దగ్గొస్తే బయటికి పోయి దగ్గి వచ్చేటోన్ని. ఆడి ఇంటికి పోతే రాత్రంత కూసునుడే, పండుకుంటె ఊపిరాడకపోయేది. ఓడిపోయిన్నని మానలే అన్నా."

ఒక నిమిషం ఆగి మళ్ళీ అన్నాడు: "మీరైనా ఎన్నడన్న అడిగిండ్రా?"

"నువ్వు" అనే మనిషి ఆ ఒక్క మాటలో "మీరు" అన్నాడు. అది నా ఒక్కడినే కాదు, గదిలో ఉన్న మా అందరినీ అన్నమాట. నా దగ్గర జవాబు లేదు.

చేతులెత్తని తీర్మానం

1992లో నేను క్లబ్బు జాయింటు సెక్రటరీగా ఉన్నాను. జనరల్ బాడీలో ఒక తీర్మానం ప్రతిపాదించాను: క్యారమ్స్ గదిలో పొగ త్రాగరాదు, త్రాగేవారు వెనుక వేపచెట్టు క్రింద త్రాగవచ్చును. అధ్యక్షస్థానంలో అప్పటి పెద్దసారు. ఆయన చేతిలో సిగరెట్టు. అనుకూలురు చేతులెత్తండి అంటే ఆరు చేతులు లేచాయి. ప్రతికూలురు అంటే పదిహేడు. "తీర్మానము వీగిపోయినది" అని నా చేతితోనే మినిట్స్ బుక్కులో వ్రాశాను.

సభ ముగిసిన తరువాత సైకిల్ స్టాండు దగ్గర నలుగురు ఒక్కొక్కరుగా వచ్చి "మంచిమాట అన్నవు" అని మెచ్చుకున్నారు. ఆ నలుగురూ నాకు వ్యతిరేకంగా చేతులెత్తినవారే! వారి మీద నాకు కోపం రాలేదు. సి.ఆర్. వ్రాసే చేయి సిగరెట్టు పట్టుకొని ఎదురుగా కూర్చుంటే క్రిందివాడి చెయ్యి ఎట్లా లేస్తుంది? ఇక ఆఫీసులోని ఆడ ఉద్యోగుల సంగతి. వారి జీతాలలోనుంచి కూడా చందా కోస్తూనే ఉన్నాము. ఒక్కరూ ఆ గదిలోకి వచ్చినవారు కాదు. "ఆడవాళ్ళకు ఆటల మీద ఆసక్తి లేదు" అని మేమే తీర్పు చెప్పుకున్నాము.

మనకు తెలియక చేశామా అని తరువాతి కాలంలో ఆలోచించాను. కొంత నిజమే. కాని వైద్యలోకానికి తెలియక కాదు. ఊపిరితిత్తుల క్యాన్సరుకు సిగరెట్టుకు సంబంధం ఉన్నదని బ్రిటనులో డాల్, హిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు 1950లోనే చూపించారు. మన దేశంలో 1975లో చట్టం చేసి సిగరెట్టు పెట్టె మీద హెచ్చరిక అచ్చు వేయించారు. ఆ హెచ్చరిక త్రాగేవాడికి. ప్రక్కవాడి సంగతి 1981లో బయటపడింది. జపానులో హిరయామా అనే వైద్యుడు, పొగ త్రాగని 91,540 మంది భార్యలను పద్నాలుగేళ్ళు గమనించి, భర్త విపరీతంగా త్రాగేవాడైతే త్రాగని భార్యకు కూడా ఊపిరితిత్తుల క్యాన్సరు ముప్పు సుమారు రెట్టింపు అని తేల్చాడు. ఈ సంగతి నేను తరువాత ఎప్పుడో చదివినప్పుడు, రాత్రి పడుకునేముందు మా ఇంట్లో ఆమె ఎందుకు కిటికీ తెరిచేదో అర్థమయింది. ఆమె కూడా నోరు తెరిచి ఏమీ అనలేదు, కిటికీ మాత్రం తెరిచేది. నేను పూర్తిగా మానటం 1996లో. మానటానికి అయిదేళ్ళు పట్టిందని చెప్పుకోవటానికి సిగ్గుపడుతున్నాను.

చట్టం వచ్చింది

మేము చేతులెత్తి చేయలేని పనిని న్యాయస్థానం చేసింది. ముంబయి నాయకుడు మురళీ దేవరా వేసిన పిటిషను మీద సుప్రీంకోర్టు 2001 నవంబరు 2న ఉత్తర్వు ఇచ్చింది. ఆడిటోరియములు, ఆసుపత్రులు, విద్యాసంస్థలు, గ్రంథాలయాలు, కోర్టు భవనాలు, ప్రభుత్వ కార్యాలయాలు, రైళ్ళతో సహా ప్రయాణ వాహనాలు, వీటన్నిటిలో పొగ నిషేధించాలన్నది. పొగ త్రాగనివాడు తన తప్పు లేకుండా ఎందుకు బాధపడాలన్నదే ఆ కేసులోని ప్రశ్న. తరువాత పార్లమెంటు 2003లో పొగాకు ఉత్పత్తుల చట్టం చేసింది. దాని 4వ సెక్షను బహిరంగ ప్రదేశాలలో పొగను నిషేధిస్తుంది. బహిరంగ ప్రదేశాల నిర్వచనంలో ప్రభుత్వ కార్యాలయాలతో పాటు వినోద కేంద్రాలు కూడా ఉన్నాయి. ముప్పై గదులకు తక్కువ కాని హోటళ్ళు, ముప్పైమందికి తక్కువ కాకుండా కూర్చునే భోజనశాలలు, విమానాశ్రయాలు, వీటిలో మాత్రం త్రాగేవారికి వేరే స్థలం పెట్టుకోవచ్చునన్నారు. జరిమానా రెండువందల రూపాయల వరకు.

దీనిని గట్టిగా అమలు చేయటానికి కొత్త నియమాలు 2008 అక్టోబరు 2న, గాంధీ జయంతినాడు, అమలులోకి వచ్చాయి. పనిచేసే చోట్లన్నీ వీటి పరిధిలోకి వచ్చాయి. ప్రవేశద్వారం దగ్గర అరవై సెంటీమీటర్ల వెడల్పు, ముప్పై సెంటీమీటర్ల ఎత్తు బోర్డు పెట్టాలి. యాష్‌ట్రేలు, అగ్గిపెట్టెలు, లైటర్లు సమకూర్చరాదు.

నేను 2008 ఆగస్టు 31న రిటైరయ్యాను. అంటే నా సర్వీసు మొత్తం పొగలో గడిచింది, నేను వచ్చేసిన ముప్పై రెండో రోజున గది శుభ్రపడింది! ఆ నవంబరులో నా సీటులోకి వచ్చిన అబ్బాయి ఫోను చేశాడు. "సార్, డెడ్ స్టాకులో ఇత్తడి యాష్‌ట్రేలు ఆరున్నాయి. ఇప్పుడు ఉంచితే నేరమట, తీసేస్తే ఆడిటు అభ్యంతరమట. ఏం చేయమంటారు?" అని అడిగాడు. కండెమ్నేషన్ ప్రపోజల్స్ పెట్టి వేలం వేయమని చెప్పాను. ముప్పై రెండేళ్ళుగా చూస్తున్న క్లబ్బు చరిత్రలో ఇంత సంతోషంగా ఇచ్చిన సలహా మరొకటి లేదు.

అన్నీ ఒక్కరోజున మారలేదు. కొంతకాలం పొగ గదిలోనుంచి మెట్ల క్రిందికి, మెట్ల క్రిందినుంచి బాత్‌రూముల వైపుకు పోయింది. ఇద్దరు ముగ్గురు పాత ఆటగాళ్ళు అలిగి రావటం మానేశారు. క్లబ్బు మూతపడుతుందన్నారు. మూతపడలేదు. మరుసటి సంవత్సరం నేను చూడటానికి వెళ్తే, మధ్యాహ్నం భోజనం వేళ ముగ్గురు ఆడ ఉద్యోగులు క్యారమ్స్ ఆడుతున్నారు. వారికి ఆసక్తి లేదని మేమనుకున్న ఆట అది.

సముద్రాల కవతల కూడా ఇదే కథ

2012లో మా అమ్మాయి దగ్గరకు అమెరికాలోని న్యూజెర్సీకి వెళ్ళాము. ఒకరోజు మనవడు నన్ను బౌలింగ్ ఆటకు తీసుకొనిపోయాడు. నున్నటి కొయ్య దారి మీద బరువైన బంతిని దొర్లించి, చివర నిలబెట్టిన పది పిన్నులను పడగొట్టాలి. ప్రతి వంతుకు రెండు బంతులు, ఆటకు పది వంతులు. మన క్యారమ్స్ మాదిరిగానే ఎదుటివాడి వంతు అయ్యేదాకా కూర్చొని చూడటమే ఎక్కువ.

ప్రక్క వరుసలో నా వయస్సు పెద్దమనిషి ఒకాయన ఆడుతున్నారు. మనవడు మధ్యలో ఉండి మా ఇద్దరికీ మాటలు అందించాడు. ఆ రాష్ట్రంలో 2006 ఏప్రిల్ 15న చట్టం వచ్చే వరకు ఇటువంటి హాళ్ళలో కూడా పొగే. ఆయన నలభై ఏళ్ళ ఆటగాడు, తాను త్రాగడు. ఇంటికి వెళ్ళగానే భార్య ఆయన చొక్కాను వాకిట్లోనే విప్పించేదట. మరి ఎప్పుడైనా అభ్యంతరం చెప్పారా అని అడిగించాను. ఆయన నవ్వి, తన జట్టులో అయిదుగురైతే నలుగురు త్రాగేవారేనని చెప్పారు. నాకు మా తమ్ముడు కళ్ళముందు కనిపించాడు. ఆ దేశంలో కోర్టులు, హక్కులు, మాట్లాడే స్వేచ్ఛ మనకంటె ముందునుంచి ఉన్నాయి. అయినా జోడీతో మాట పడిపోతుందన్న భయం అక్కడా అంతే. ఒక సంగతి మాత్రం విచిత్రం. అదే చట్టంలో అట్లాంటిక్ సిటీ జూదశాలల ఆటస్థలానికి మినహాయింపు ఇచ్చారు. డబ్బు బాగా ఆడే చోట ఊపిరికి విలువ తగ్గటం కూడా అన్ని దేశాలలో ఒకటే కాబోలు.

ఐర్లండు దేశం 2004 మార్చి 29న పనిచేసే చోట్లన్నిటిలోనూ పొగను నిషేధించింది. అక్కడ కూడా కొట్లు మూతపడతాయనే వాదన వచ్చింది. ఎక్కడ చూసినా వాదన ఒకటే. "మీకు ఇబ్బంది అయితే చెప్పవచ్చు కదా!" నేను కూడా ముప్పై ఏళ్ళు ఆ మాటే నమ్మాను. చెప్పలేనివాడు చెప్పకపోవటాన్ని సమ్మతి అనుకున్నాను.

చివరగా ఒక మనవి

మన సంఘ భవనంలో కొత్తగా ఆటల గది సిద్ధమవుతున్నది. సంతోషం. మనమందరం అరవై దాటినవాళ్ళము. సగంమందికి బి.పి., షుగరు, మరికొందరికి ఉబ్బసం. పాత అలవాటు వదలని మిత్రులు ఇద్దరు ముగ్గురు ఉన్నారని, వారికోసం గదిలో ఒక మూల ఏర్పాటు చేయాలని గత సమావేశంలో ఒక సూచన వచ్చింది. దానిని ఓటుకు పెడదామని కూడా అన్నారు.

నేను చేతులు జోడించి కోరేది ఒక్కటే. ఓటుకు పెట్టకండి. చట్టం ఎట్లాగూ ఒప్పుకోదు. అంతకంటె ముఖ్యం, ఎవరి చెయ్యి లేస్తుందో, ఎవరిది లేవదో 1992లో చూసినవాడిని. గది తలుపుకు బోర్డు పెట్టండి. ఆవరణలో వేపచెట్టు క్రింద రెండు బెంచీలు వేయండి. త్రాగే మిత్రుడు మనవాడే, అతనిని అవమానించవద్దు, ఆటకు పిలవటం మానవద్దు. తన వంతు అయ్యాక బయటికి వెళ్ళివస్తాడు, అంతసేపు మనము ఆగుదాము.

మా తమ్ముడు ఉద్యోగం చేసి రిటైరయి ఇప్పుడు మా ఎనుమాములకు దగ్గరలోనే ఉంటున్నాడు. జేబులో ఇన్‌హేలరు ఉంటుంది. ఆ జబ్బు చిన్ననాటిది, నావల్ల వచ్చినది కాదు. కాని అతని ఆటలో ఏడేళ్ళు, ఆ తరువాత ఇంకా చాలా సంవత్సరాలు నావల్ల, నావంటివారివల్ల పోయాయి. వాటిని తిరిగి ఇవ్వలేను. ఆదివారం సాయంత్రాలు మా ఇంటి వరండాలో బోర్డు వేస్తాము. మిర్చి రోజులలో మార్కెట్ ఘాటు వస్తే అతనికి గొంతు గరగరలాడుతుంది. స్ట్రయికర్ పట్టుకోబోతూ ఆగుతాడు. నేను ముందే అడుగుతాను, "తమ్మీ, లోపలికి పోదామా?" అని. "వద్దన్నా, ఆడుదాం" అంటాడు, లేదా లేస్తాడు. ఏదైనా సరే, అడగటం మాత్రం నా వంతు.

ఇప్పటికీ నన్ను ఓడిస్తూనే ఉన్నాడు.

సెలవు.